ఈ వాన ఏ సముద్రానిది? వాననీటి ఐసోటోపు పరీక్షకు నెల్లూరు, ప్రకాశంలో ఏ పద్ధతి నయం

జూన్ మొదట్లో రుతుపవనాలు కేరళను తాకాయని టీవీలో చెబుతుంటే కావలిలో మేం పడమటి గాలికి కిటికీలు మూసుకుని కూర్చుంటాం. మా అసలు వాన అక్టోబరు మూడో వారం దాటాకే. గాలి ఈశాన్యానికి తిరగాలి, బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పుట్టాలి, అప్పుడు ముసురు పడుతుంది. నెల్లూరు జిల్లాకు ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే వస్తుంది. ఒంగోలు దాటి పడమటికి, పాత ప్రకాశంలోని గిద్దలూరు వైపు వెళ్ళేకొద్దీ నైరుతి వాటా పెరుగుతుంది.

కాబట్టి ఇక్కడివాళ్ళకు రాక తప్పని అనుమానం ఒకటుంది. ఆగస్టు సాయంత్రం ఉరుములతో వచ్చి అరగంటలో వెళ్ళిపోయే జల్లూ, నవంబరులో మూడు రోజులు వదలని ముసురూ ఒకే చోట పుట్టిన నీళ్ళేనా? నీటిలోని ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, కొలిస్తే దీనికి చాలావరకు జవాబు దొరుకుతుంది. కానీ నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పట్టాలి, దేంట్లో పట్టాలి, ఏ మిషన్ మీద కొలిపించాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, ప్రాజెక్టు చేయాల్సిన ఎమ్మెస్సీ పిల్లలు, బోర్లలో నీళ్ళెక్కడివో తెలుసుకోవాలనుకునే వాటర్‌షెడ్ సంఘాల వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాళ్ళకోసం ఇది.

నీళ్ళలో బరువు తేడా

నీటి అణువులన్నీ ఒకే బరువుండవు. ఆక్సిజన్ పరమాణువులు పది లక్షలు తీసుకుంటే అందులో సుమారు 2,000 మాత్రం 18 బరువువి, మిగతావి దాదాపు అన్నీ 16 బరువువి. హైడ్రోజన్‌లో పది లక్షలకు 156 దాకా డ్యుటీరియం, అంటే బరువు హైడ్రోజన్, ఉంటుంది. సముద్రం ఆవిరయ్యేటప్పుడు తేలిక అణువులు ముందు లేస్తాయి. మేఘం నీరయ్యేటప్పుడు బరువువి ముందు రాలతాయి. దారిపొడుగునా కురుస్తూ వచ్చిన మేఘంలో మిగిలిన ఆవిరి అంతకంతకు తేలికవుతుంది. ఆ తేలికదనాన్ని సముద్రపు నీటితో పోల్చి 'వెయ్యికి ఇన్ని' అని డెల్టా విలువగా రాస్తారు: ఆక్సిజన్‌ది డెల్టా-18, హైడ్రోజన్‌ది డెల్టా-డ్యుటీరియం. వాననీరు సాధారణంగా సముద్రపు నీటికంటే తేలిక కనుక ఆ విలువ మైనస్‌లో ఉంటుంది.

ఇంకో రెండు పేర్లు తెలిస్తే మిగతాది సులువు. 1961లో హార్మన్ క్రెయిగ్ ప్రపంచంలోని వాన, నది నీళ్ళను గ్రాఫ్ మీద పెట్టి చూస్తే అవన్నీ ఒక గీత చుట్టూ చేరాయి: డెల్టా-డ్యుటీరియం = 8 × డెల్టా-18 + 10. 1964లో విల్లీ డాన్స్‌గార్డ్ ఆ గీత నుంచి ఒక నమూనా ఎంత పక్కకు జరిగిందో చెప్పడానికి డి-ఎక్సెస్ అనే కొలత పెట్టాడు. డ్యుటీరియం విలువలోంచి 8 రెట్ల డెల్టా-18 తీసేస్తే వచ్చేదే అది. ఉదాహరణకు డెల్టా-18 మైనస్ 6, డ్యుటీరియం మైనస్ 38 వస్తే డి-ఎక్సెస్ 10. మైనస్ 1, మైనస్ 4 వస్తే 4. సముద్రం మీద గాలి ఎంత పొడిగా ఉండగా ఆవిరి లేచిందో, చినుకు కిందికి దిగుతూ ఎంత ఆరిపోయిందో ఈ సంఖ్య కొంత చెబుతుంది.

దక్షిణాదిలో ఈశాన్య కాలపు వాన నైరుతి వాన కంటే తేలికగా ఉంటుందన్నది ఇప్పటికే బాగా స్థిరపడ్డ సంగతి. కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. వానాకాలమంతా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసిన మంచినీటితో అక్టోబరు నాటికి బంగాళాఖాతం పైపొరే తేలికపడి ఉంటుంది. ఆ పైన అల్పపీడనం సముద్రం మీదే రోజుల తరబడి కురిసి, మిగిలిన ఆవిరిని ఇంకా తేలిక చేసి మనమీదకు తెస్తుంది. వాయుగుండం, తుఫాను అయితే సరేసరి. అన్నిటికంటే తేలిక నీళ్ళు అప్పుడే దొరుకుతాయి.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది మీ ప్రశ్న. 'ఈ తుఫాను నీళ్ళు ఎక్కడివి' అన్నది ఒక ప్రశ్న, 'మా ఊరి బోరులోకి ఏ కాలపు వాన దిగుతోంది' అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. రెండోది, నీళ్ళు పట్టిన దగ్గర్నుంచి సీసాలో చేరేదాకా ఆవిరి కాకుండా ఉండటం. మూడోది మనుషులు, అంటే ఉదయం ఎనిమిదిన్నరకు వాన పట్టే గరాటు దగ్గర ఎవరుంటారన్నది. నాలుగోది డబ్బు. నా అనుభవంలో ఈ పనులు చెడేది మూడో దగ్గరే. డబ్బు గురించి అందరూ ముందే ఆలోచిస్తారు, మనిషి గురించి ఎవరూ ఆలోచించరు.

ఎన్నాళ్ళకోసారి పట్టాలి

| చూడాల్సింది | వానలోనే గంటల లెక్కన | రోజుకోసారి | నెలకోసారి |
|---|---|---|---|
| సరిపోయే ప్రశ్న | తుఫాను లోపల ఏం జరుగుతోంది | ఏ వాన ఏ వైపు నుంచి | బోరు, చెరువు నీటికి మూలం |
| శ్రమ | నిద్ర ఉండదు | ఒక నమ్మకమైన మనిషి చాలు | చాలా తక్కువ |
| సీసాలు | ఒక్క తుఫానుకే పదుల్లో | ఏడాదికి వాన రోజులెన్నో అన్ని | 12 లోపే |
| ఆవిరి భయం | దాదాపు లేదు | కొద్దిగా | చాలా ఎక్కువ |
| ప్రపంచ లెక్కలతో పోలిక | నేరుగా కుదరదు | నెలకు కూడి పోల్చొచ్చు | నేరుగా కుదురుతుంది |

ఆఖరి వరుస సంగతి: అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1960 దశకం మొదటి నుంచి ప్రపంచమంతా వాననీటి ఐసోటోపులు సేకరిస్తున్నాయి. ఢిల్లీ కూడా అందులో ఉంది. ఆ లెక్కలు ఎక్కువగా నెలవారీవే. అందుకే చాలామంది మనమూ నెలవారీ చేద్దాం అంటారు.

నేను మాత్రం మన తీరానికి నెలవారీ ఒక్కటే వద్దంటాను. నవంబరులో ఒక తుఫాను ఒక్క రోజులో 120 మిల్లీమీటర్లు కురిసి డెల్టా-18 మైనస్ 10 ఇచ్చిందనుకోండి. అదే నెలలో మరో రోజు 2 మిల్లీమీటర్ల జల్లు మైనస్ 1 ఇచ్చిందనుకోండి. రెండూ ఒకే క్యానులో కలిస్తే వచ్చేది మైనస్ 9.85. జల్లు ఆనవాలే మిగలదు. పోనీ రెండు సంఖ్యల సగటు తీస్తే మైనస్ 5.5. ఆ విలువ ఉన్న వాన ఆ నెలలో ఏ రోజూ పడలేదు! రోజువారీ సంఖ్యలకు వాన కొలత ప్రకారం బరువులిచ్చి నెల సంఖ్య ఎప్పుడైనా తీయొచ్చు. నెల క్యానులోంచి రోజులను వెనక్కి తీయడం కుదరదు.

అలాగని ఏడాదంతా రోజువారీ పెట్టుకుంటే ఏప్రిల్ నాటికి ఎవరికీ ఓపిక ఉండదు. నేను చెప్పేది మధ్యే మార్గం. సెప్టెంబరు మధ్య నుంచి డిసెంబరు చివరిదాకా రోజువారీ. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వరకూ వాన పడిన రోజు మాత్రమే, పడిన వెంటనే. మిగతా నెలల్లో ఉంటే పట్టండి, లేకపోతే లేదు. రోజువారీ కొలతకు వాతావరణ శాఖ పాటించే ఉదయం 8.30 సమయాన్నే మీరూ పాటించండి. రేపు పక్క మండలంలోని వాన లెక్కతో పోల్చాలంటే అదే దిక్కు.

గంటల లెక్కన పట్టడం తుఫాను మీద థీసిస్ రాసేవాళ్ళకు. మూడు గంటలకో సీసా చొప్పున పడితే, తుఫాను కేంద్రం దగ్గరయ్యేకొద్దీ నీరు ఎలా తేలికవుతూ పోతుందో కళ్ళకు కడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరం పక్కగా పైకి వెళ్ళి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున ఎవరైనా వరుసగా పట్టి ఉంటే అది నిజంగా విలువైన నమూనా. కానీ కరెంటు పోయి, రోడ్ల మీద చెట్లు పడి, ఇంట్లోవాళ్ళు కేకలేస్తుంటే మేడ ఎక్కి సీసా మార్చే మనిషి మీకు ఉండాలి. ముందు ఆ మనిషిని చూసుకోండి.

దేంట్లో పట్టాలి

మొదటి ఏడాది మేం చేసిన తప్పు చెబుతాను. గరాటు పెట్టిన క్యానును కాలేజీ మేడ మీద నెల రోజులు వదిలేశాం. జూలైలో మూడుసార్లు చిన్న జల్లులు పడ్డాయి. నెలాఖరుకు క్యాను అడుగున గ్లాసుడు నీళ్ళు, రెండు చీమలు, ఒక వేపాకు. ఫలితం ప్లస్‌లో వచ్చింది. అది వాన సంగతి కాదు, మా మేడ మీది ఎండ సంగతి. పడమటి గాలి కాలంలో మూతలేని పాత్ర ఒక్క రోజులోనే సంఖ్యను మార్చేస్తుంది.

దీనికి విరుగుడులు ప్రధానంగా మూడు.

పాతది లిక్విడ్ పారాఫిన్. మందుల షాపులో దొరుకుతుంది. క్యానులో అర సెంటీమీటరు మందాన పోస్తే నీళ్ళు అడుక్కి దిగి, నూనె మీద తెట్టులా నిలిచి ఆవిరిని ఆపుతుంది. చవక, నమ్మకం. చిక్కల్లా తర్వాత నీటిని నూనె అంటకుండా తీయడమే. పైగా ఐసోటోపులు కొలిచే లేజర్ మిషన్లకు ఈ నూనె అస్సలు పడదు.

రెండోది గరాటు కాడను సీసా అడుగుదాకా దించడం. లోపల నీళ్ళకు బయటి గాలి తగిలేది ఆ సన్న గొట్టం మేరకే. సీసాలోని గాలి బయటికి పోవడానికి పొడవాటి సన్న ట్యూబు చుట్ట ఒకటి పెడతారు. నూనె అక్కర్లేదు. రెడీమేడ్‌గా కొంటే ఖరీదే, కానీ సూత్రం తెలిస్తే ఆక్వేరియం ట్యూబుతో ఊళ్ళోనే చేసుకోవచ్చు. ఒక షరతు ఉంది. మూత దగ్గర సందు లేకుండా సీలు వేయాలి, లేకపోతే పడ్డ శ్రమంతా దండగ.

మూడోది గరాటులో టేబుల్ టెన్నిస్ బంతి. వాన పడితే తేలుతుంది, ఆగితే రంధ్రానికి మూతలా కూర్చుంటుంది. పిల్లలకు భలే నచ్చుతుంది. రోజువారీకి ఇది చాలు. నెలవారీకి నేను నమ్మను.

గరాటు సైజు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. వెడల్పు 20 సెంటీమీటర్లుంటే ఒక మిల్లీమీటరు వానకు 31 మిల్లీలీటర్ల నీళ్ళు వస్తాయి. చిన్న జల్లుకు అది బాగుంటుంది. అదే గరాటు కింద 200 మిల్లీమీటర్ల తుఫాను రోజున ఆరు లీటర్లకు పైగా చేరతాయి. అయిదు లీటర్ల క్యాను పొంగిపోతుంది, పొంగిందంటే ఆ రోజు నమూనా చెడినట్టే. 10 సెంటీమీటర్ల గరాటుకు మిల్లీమీటరుకు ఎనిమిది మిల్లీలీటర్ల లోపే, 200 మిల్లీమీటర్లకు లీటరున్నర చిల్లర. పరీక్షకు 20 మిల్లీలీటర్లు చాలు గనుక మూడు మిల్లీమీటర్ల వాన నుంచి పనికొస్తుంది. అనంతపురం లాంటి చోట పెద్ద గరాటు నయమేమో గానీ, నెల్లూరు తీరానికి రోజువారీ అయితే 10 సెంటీమీటర్లది, రెండు లీటర్ల క్యాను సరైన జత.

నీళ్ళను గట్టి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సీసాలో అంచుదాకా, గాలి బుడగ లేకుండా నింపి బిగించాలి. యాసిడ్ లాంటివేమీ కలపొద్దు. చల్లగా, వెలుతురు లేని చోట పెడితే నెలలు ఆగుతాయి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, నిండు సీసాలు పగులుతాయి. తేదీ, సమయం, వాన ఎంత అన్నది సీసా మీదా నోట్‌బుక్‌లోనూ రెండు చోట్లా రాయండి. వాన కొలత లేని సీసా అంటే అడ్రసు లేని ఉత్తరమే.

ఏ మిషన్

ఇక్కడ ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు. పాత పద్ధతి మాస్ స్పెక్ట్రోమీటర్: నీటిని కార్బన్ డయాక్సైడ్‌తో సమతూకం చేసి ఆక్సిజన్‌ను, ప్లాటినం సాయంతో హైడ్రోజన్‌ను విడిగా కొలుస్తారు. లేజర్ పద్ధతిలో రెంటినీ ఒకేసారి, మైక్రోలీటరు నీటితో కొలుస్తారు. ఆక్సిజన్‌కు రెండూ వెయ్యికి 0.1 వంతు అటూఇటూ కచ్చితత్వం ఇస్తాయి. మన రెండు రుతుపవనాల మధ్య తేడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి ఏదైనా సరే.

తేడా వచ్చేది నూనె దగ్గర, ముందు సీసా జ్ఞాపకం దగ్గర. లేజర్ మిషన్‌లో ముందు నమూనా తాలూకు తడి కొంత మిగులుతుంది. అందుకే ఒక్కో నమూనాను చాలాసార్లు ఎక్కించి మొదటి కొన్ని కొలతలు పక్కన పెడతారు. ల్యాబ్‌వాళ్ళను అలా చేస్తారా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), రూర్కీ జాతీయ జలవిజ్ఞాన సంస్థ, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (భౌతిక పరిశోధన ప్రయోగశాల) ఈ రకం కొలతలు చేసే సంస్థలు. సీసాలు పంపేముందు నూనె వాడారో లేదో రాసి పంపడం మర్యాద.

హైడ్రోజన్‌లోనే రేడియోధార్మిక రకమైన ట్రిటియం గురించి కూడా కొందరు అడుగుతారు. దాని అర్ధాయువు 12 ఏళ్ళ పైచిలుకు. భూగర్భజలం పాతదా కొత్తదా చెప్పడానికి పనికొస్తుంది తప్ప వాన ఏ సముద్రానిదో చెప్పదు.

ఒక సంఖ్యకు రెండు కథలు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఆగస్టులో అరేబియా సముద్రం నుంచి వచ్చే ఆవిరి పడమటి కనుమల మీద బాగా కురిసి, తేలికపడి మన వైపు దిగాలి. ఆ లెక్కన నైరుతి వాన కూడా మైనస్ ఎక్కువగా ఉండాలి. కానీ దారిలో కర్ణాటక, రాయలసీమ పొలాలూ చెట్లూ వదిలిన ఆవిరి అందులో కలిసి బరువు పెంచుతుంది. ఆపైన మన పొడి గాలిలో చినుకు సగం దారిలోనే ఆరి ఇంకా బరువెక్కుతుంది. ఒకటి కిందికి లాగితే రెండు పైకి లాగుతాయి. కాబట్టి డెల్టా-18 ఒక్కటే చూసి 'ఇది అరేబియా, ఇది బంగాళాఖాతం' అని తేల్చేయకండి. ఐసోటోపు చెప్పేది నీటి ప్రయాణం గురించి. పుట్టిన ఊరు మనం ఊహించుకోవాల్సిందే.

ఆ ఊహకు ఆధారాలు రెండున్నాయి. ఒకటి డి-ఎక్సెస్: చిన్న జల్లులో అది బాగా పడిపోయి ఉంటే చినుకు ఆరిందని అర్థం. ఆ నమూనాను మూలాల చర్చలోంచి తీసేయడమే మంచిది. రెండోది గాలి దారి వెనక్కి గీయడం. అమెరికా వాతావరణ సంస్థ నోవా వారి హైస్‌ప్లిట్ అనే ప్రోగ్రాం ఉచితంగా ఆన్‌లైన్‌లో నడుస్తుంది. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలిచ్చి, 1,500 మీటర్ల ఎత్తున ఒకటి, 3,000 మీటర్ల ఎత్తున ఒకటి, అయిదు రోజుల వెనక్కి గీయించండి. రెండు ఎత్తుల గీతలూ ఒకే వైపు చూపిస్తే ధైర్యంగా రాయొచ్చు. ఒకటి పడమటికీ ఒకటి తూర్పుకీ పోతే 'కలగలుపు' అని రాసి ఊరుకోండి. ఆ గీత గాలి వచ్చిన దారి మాత్రమే, తేమ ఎక్కడ ఎక్కిందో అది చెప్పదు.

ఇంకో చవకైన ఉపాయం ఉంది. గరాట్లు మూడుంటే మూడూ ఒకే పట్టణంలో పెట్టొద్దు. మైపాడు వైపు తీరంలో ఒకటి, ఆత్మకూరు ప్రాంతంలో ఒకటి, ఉదయగిరి కొండల దగ్గర ఒకటి పెట్టండి. ఈశాన్య వాన తీరం నుంచి లోపలికి వస్తూ తేలికవ్వాలి. నైరుతి కాలపు ఉరుముల వాన రాయలసీమ వైపు నుంచి రాత్రిళ్ళు తూర్పుకు జరుగుతుంది కనుక వరుస తిరగబడే అవకాశం ఉంది. ఒక్క వానలో తేడా దొరక్కపోవచ్చు, దూరం తక్కువ కదా. సీజనంతా కలిపి చూడాలి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఎమ్మెస్సీ ప్రాజెక్టు అయితే ఒక్క ఈశాన్య సీజన్, ఒక్క చోటు, రోజువారీ, బంతి గరాటు, లేజర్ ల్యాబ్, హైస్‌ప్లిట్. ఇంతకు మించి పెట్టుకుంటే వైవా నాటికి ఫలితాలు రావు.

బోరు నీళ్ళ సంగతి కావాలనుకునే సంఘాలకు రోజువారీ అనవసరం. పాత ప్రకాశం పడమటి పల్లెల్లో ఫ్లోరైడ్ బాధ ఉన్న చోట్ల ఏ వాన భూమిలోకి దిగుతోందన్నది పెద్ద ప్రశ్నే. దానికి కాడ దించిన సీసాలో నెలవారీ వాన, బోరు నీళ్ళు మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి చాలు. ఖర్చును ఇంకో వైపు పెట్టండి: చెరువు, కాలువ నీళ్ళు కూడా పట్టండి. సోమశిల, కండలేరు జలాశయాల నీళ్ళు ఎండకు ఆరి క్రెయిగ్ గీత నుంచి పక్కకు జరిగి ఉంటాయి. పెన్నా ఎక్కడో కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి వస్తుంది, కండలేరుకు కృష్ణ నీళ్ళూ చేరతాయి. బోరులో ఆ గుర్తు కనిపిస్తే అది వాననీరు కాదు, ఆయకట్టు నుంచి ఇంకిన నీరు కావచ్చు.

కాలేజీలో ఏళ్ళ తరబడి నడపాలనుకునే లెక్చరర్లకు నా సలహా వేరే. గరాటు కాలేజీలో పెట్టకండి. దసరా సెలవులు, దీపావళి సెలవులు, తుఫానుకు కలెక్టర్ గారిచ్చే సెలవులు అన్నీ మన వాన రోజుల మీదే పడతాయి. సరిగ్గా కావాల్సిన రోజున గేటుకు తాళం ఉంటుంది, పిల్లలు ఊళ్ళలో ఉంటారు. మాకు రెండేళ్ళలో పోయిన పెద్ద వానలన్నీ అలా పోయినవే. ఈ ఏడాది మా గరాటు ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారి మేడ మీదకు మారుతోంది. ఆయన ఎలాగూ ఉదయం ఎనిమిదింటికల్లా తులసికోటకు నీళ్ళు పోయడానికి పైకెక్కుతారు, అరగంట ఆగి దిగమన్నాం.